పోని మామిడికాయలు

హోసూరు సంతలో భాషలు మూడు, తీసివేత ఒక్కటే. తెలుగులో ‘అయిదులో రెండు పోతే మూడు’, తమిళంలో ‘అంజుల రెండు పోనా మూణు’, కన్నడంలో ‘ఐదరల్లి ఎరడు హోదరె మూరు’. ఎవరి లెక్కలోనైనా రెండు పోవాల్సిందే. బడిగోడ మీది పటంలో మాత్రం ఏవీ ఎక్కడికీ పోవు. అయిదు మామిడికాయలు గీసి, రెండింటి మీద అడ్డగీతలు కొట్టి, ‘ఎన్ని మిగిలాయి?’ అని అడుగుతుంది పటం. కృష్ణగిరి తోతాపురి తోపుల పక్కన పెరిగిన పిల్లకు గీత గీస్తే కాయ మాయం కాదని తెలుసు. అందుకే అయిదూ లెక్కపెట్టి ‘అయిదు’ అంటుంది. చూసి నేర్చుకోమన్నది మనం, చూసినందుకు సున్నా తనకు.

బొమ్మకు భాషతో పనిలేదన్నది ఈ పటాలవారి ధీమా. 2006 నాటి తమిళ అభ్యాస చట్టం తర్వాత ఈ కృష్ణగిరి జిల్లాలో ఇంట తెలుగు, బడిలో తమిళమో ఇంగ్లీషో అయిన పిల్లలకు ఆ ధీమా మరీ అనువుగా దొరికింది: మాట అర్థం కాకపోతేనేం, బొమ్మ ఉందిగా! ఇంకో పటంలో తీగ మీద మూడు పిట్టలు, గాలిలో రెండు. ఎగిరిపోతున్నాయా, వచ్చి వాలుతున్నాయా? తీసివేతా, కూడికా? పిట్టలు చెప్పవు, ఎవరో ఒకరు నోటితో చెప్పాలి. పిల్లలను తీసివేతను కాగితం మీద చూపమంటే రోజూ బడిలో రాసే మైనస్ గుర్తును వాళ్లు వాడలేదని పరిశోధకుడు మార్టిన్ హ్యూస్ 1986లోనే రాశాడు. కొందరు చెక్కముక్కలను తీసుకుపోయే చేతినే గీశారట. పోవడమనేది వాళ్లకు చేతి పని, గుర్తు పని కాదు.

‘అయితే బొమ్మలు మానేసి బెత్తం పట్టమంటారా?’ అని అడుగుతారు. అక్కర్లేదు. ‘ఫలితాలు మెరుగవుతున్నాయిగా’ అనీ అంటారు. నిజమే, అసర్ సర్వేలో తీసివేత చేయగలిగిన పల్లె మూడో తరగతి పిల్లలు దేశం మొత్తం మీద 2022లో 25.9 శాతం, 2024లో 33.7 శాతం. సంతోషమే, కానీ అసర్ అడిగేది 42లోంచి 17 లాంటి లెక్క. అక్కడ పటం చేతులెత్తేస్తుంది, పంతులు ‘పక్కంకె దగ్గర ఒకటి అప్పు తెచ్చుకో’ అంటాడు. తెచ్చిన అప్పు తీర్చేదెప్పుడో చెప్పడు. ఒకటి తెస్తే పది ఎలా అయిందో అసలే చెప్పడు; అంత వడ్డీ హోసూరు తాకట్టు కొట్లలోనూ లేదు. పుల్లల కట్ట ఒకటి విప్పితే పది పుల్లలు రాలతాయని చేత్తో చేసిన పిల్లకు అప్పు అక్కర్లేదు.

రిషివ్యాలీ నుంచి తెచ్చుకున్న కార్డుల చదువును 2007-08 నాటికి తమిళనాడు రాష్ట్రమంతటికీ పరిచిందని గుర్తుచేసేవారూ ఉన్నారు. ఆ కార్డు పిల్ల చేతిలో ఉండేది, గోడకు మేకు కొట్టి కాదు. పైగా తీసివేత అంటే పోవడమొక్కటేనా? అక్కకు తొమ్మిది కాయలు, తమ్ముడికి ఆరు. ఎవరివీ పోలేదు, అయినా తేడా మూడు. ముప్పై రెండు రూపాయల పూలకు యాభై నోటిస్తే పూలమ్మి ‘ముప్పై మూడు, ముప్పై నాలుగు, ముప్పై అయిదు, నలభై, యాభై’ అంటూ చిల్లర చేతిలో పెడుతుంది. తీసివేయకుండానే తీసివేత అయిపోతుంది. ఈ రెంటికీ అడ్డగీత ఎక్కడ కొట్టాలో పటం వేసినవారే చెప్పాలి.

దోసెడు చింతగింజలు, వాటిని జరుపుతూ ఇంటి మాటలో మాట్లాడే మనిషి ఉంటే ఇదంతా జరుగుతుంది. చిక్కల్లా ఒకటే: చింతగింజలకు టెండరు పిలవడం కుదరదు, రంగుల్లో అచ్చేసి ప్రారంభోత్సవమూ చేయలేం.