చచ్చి బతికిన వంటలక్క

తెలుగువాళ్లలో ఇంతమంది సాహిత్య విమర్శకులున్నారని 2022 మార్చి దాకా బయటపడలేదు. ఆ నెలలో స్టార్ మా ‘కార్తీక దీపం’ సీరియల్లో ఒక కారు ప్రమాదం పెట్టి, నాయిక దీపనీ, ఆమె మొగుడు కార్తీక్‌నీ, అదే మన డాక్టర్ బాబునీ, జంటగా పైకి పంపించేశారు. ఇక చూడండి. కూరగాయల బండి దగ్గర, అపార్ట్‌మెంటు లిఫ్టులో, పెళ్లి భోజనాల బంతిలో పాత్రచిత్రణ మీద చర్చాగోష్ఠులే. కూరలో ఉప్పు గురించి తప్ప దేని మీదా గట్టిగా మాట్లాడని మా పెద్దమ్మ, “ఆ పిల్ల పాత్రకి అన్యాయం చేశార్రా, వాళ్ల చేతులు పడిపోనూ” అంది. పక్క ఫ్లాటు బాబాయిగారు తాసిల్దారుగా రిటైరైన మనిషి. కాగితం తిరగేసి మరగేసి చూస్తే గానీ సంతకం పెట్టే అలవాటు లేదు. ఆయన తీర్పు ఇంకా ఘాటుగా వచ్చింది. “చంపడం తప్పని నేననను వదినగారూ. నాలుగేళ్లు పైగా నడిపారు. ఆ డాక్టరు ఒక్క ముక్క నేర్చుకోకుండానే పోయాడు. పాత్ర అన్నాక ఎదగద్దూ?”

ఎదగద్దూ మరి! పేరున్న డాక్టరు. భార్య నెల తప్పిందనగానే, నాకు పిల్లలు పుట్టరని రిపోర్టు ఉంది కాబట్టి ఆ బిడ్డ నాది కాదన్నాడు. ఆ రిపోర్టు ఎవరి చలవ? ఆయన్ని ఎలాగైనా కట్టుకోవాలని కాచుక్కూచున్న మోనితది. ఆవిడా డాక్టరే. మనకి జలుబు చేసి మూడు రోజుల్లో తగ్గకపోతే ఇంకో డాక్టరు దగ్గరికి పోతాం. ఈయన కాపురం కూలిపోతున్నా రెండో ల్యాబు గడప తొక్కలేదు. దీప ఇల్లు వదిలి, వంటలు చేసుకుని బతికి వంటలక్క అనిపించుకుంది. పుట్టిన కవలల్లో ఒక పిల్లని డాక్టరుగారి తల్లి సౌందర్య గుట్టుగా తెచ్చి ఆయన చేతిలోనే పెడితే, సొంత కూతుర్ని పెంపుడు కూతురనుకుని ప్రాణంగా పెంచుకున్నాడు. రోజూ రోగుల ఎక్స్‌రేలు చూసే మనిషి, ఇంట్లో తిరిగే పిల్ల మొహం చూసి ఏమీ పోల్చుకోలేకపోయాడు.

ఇదంతా ఏ ఊళ్లో తీశారయ్యా అంటే హైదరాబాద్‌లో. మన దేశంలో, తండ్రెవరో తేల్చే డీఎన్‌ఏ వేలిముద్రల పద్ధతికి ఆద్యుడైన లాల్జీ సింగ్ పనిచేసిన సీసీఎంబీ అక్కడే, తార్నాక పక్కన ఉంది. ఆ పని కోసమే పెట్టిన సీడీఎఫ్‌డీ ఉప్పల్‌లో ఉంది. సినిమావాళ్లూ సీరియల్ వాళ్లూ మసిలే యూసఫ్‌గూడలో మెట్రో ఎక్కితే రైలు మారే పని లేకుండా తార్నాకలోనూ దిగొచ్చు, ఉప్పల్‌లోనూ దిగొచ్చు. తెలుగు దేశంలో కెల్లా పేరు మోసిన డాక్టరుకి ఆ టికెట్టు కొనడానికి ఏళ్లు పట్టింది.

ఇందులో మన దర్శకుడు కాపుగంటి రాజేంద్రగారిని ఒక్కణ్నే ఆడిపోసుకోవడం న్యాయం కాదు. ఈ కథ మలయాళంలో 2014లో ఏషియానెట్ మొదలుపెట్టిన ‘కరుత్తముత్తు’. అక్కడ కూడా మొదట్లో నాయిక మన దీప వేషం కట్టిన ప్రేమీ విశ్వనాథే. తమిళంలో ‘భారతి కన్నమ్మ’ అయింది, కన్నడంలో ‘ముద్దులక్ష్మి’ అయింది, మరాఠీలో ‘రంగ్ మాఝా వేగళా’ అయింది. నదీజలాల దగ్గర ఒక్క మాట మీదికి రాని రాష్ట్రాలన్నీ, పెళ్లాం మీద అనుమానపడే డాక్టరు దగ్గర మాత్రం చెయ్యీ చెయ్యీ కలిపాయి. జాతీయ సమైక్యత అంటే ఇదే కాబోలు.

బాబాయిగారి ఫిర్యాదులో న్యాయముంది. కాకపోతే ఆయన అర్జీ పెట్టాల్సిన కౌంటరు వేరు.

సీరియల్‌కి వారానికి ఆరు రోజులు పని. రోజుకి అరగంట. గంటకి ప్రకటనలూ ప్రోమోలూ కలిపి పన్నెండు నిమిషాలు దాటకూడదని కేబుల్ టీవీ నిబంధన, ఆ లెక్కన అరగంటలో ఆరు నిమిషాలు వాళ్లవి. పేర్లూ, నిన్న జరిగిందీ, రేపు జరగబోయేదీ పోగా మిగిలిన దాంట్లో దీప మోనితని చూడాలి. చూడ్డమంటే మీరూ నేనూ చూసినట్టు కాదు. ముందు దీప చూస్తుంది, ఉరుము ఉరుముతుంది. కెమెరా దగ్గరికొస్తుంది, మళ్లీ మొదటికెళ్లి మళ్లీ దగ్గరికొస్తుంది, మూడోసారి కూడా వచ్చి గానీ ఊరుకోదు. తర్వాత మోనిత చూస్తుంది. తర్వాత హాల్లో ఎంతమంది ఉంటే అంతమందీ వరసగా ఉలిక్కిపడాలి: అత్తగారు, మామగారు, మరిది, తోడికోడలు, కాఫీ ట్రేతో వచ్చిన పనిమనిషి. ట్రేలో కప్పులు గడగడమంటాయి. అందరి ఉలికిపాట్లూ అయ్యేసరికి డిటర్జెంటు ప్రకటన వచ్చేస్తుంది. ఇంత రద్దీలో పాత్ర ఎదగడానికి జాగా ఏదీ? డాక్టరుగారికి బుద్ధొచ్చిన రోజున అనుమానం పోతుంది, అనుమానం పోతే కథ పోతుంది, కథ పోతే ఏడున్నరకి డిటర్జెంటు ఎవరు అమ్ముతారు?

2020లో కరోనాకి షూటింగులు ఆగి చానళ్లు పాత ఎపిసోడ్లు తిరగేసినప్పుడు, అవి పాతవని మా పెద్దమ్మ చాలా రోజుల దాకా పోల్చుకోలేదు. అది ఆవిడ మతిమరుపని నేననుకోను. అదే ఏడాది ఐపీఎల్ మ్యాచ్‌లు కూడా సరిగ్గా ఏడున్నరకే పడ్డాయి. ఒకే టీవీ ఉన్న కొంపల్లో రోజూ ఎవరు గెలిచారో స్కోర్‌కార్డు అక్కర్లేదు.

సరే, అసలు సంగతికొస్తాను. పాత్ర మారాలి, కథ కదలాలి అని ఇన్నేళ్లు తిట్టిపోసిన జనానికి, 2022లో ఆ సీరియల్ వాళ్లు నిజంగానే మార్పు చేసి చూపించారు. దీపా కార్తీక్‌లు పోయారు. పిల్లలు హిమా సౌర్యా ఒక్క దూకుడులో పెద్దవాళ్లయ్యారు. కొత్త నటులు, కొత్త ప్రేమలు, కొత్త అపార్థాలు. పాత అనుమానం ఫైలు మూసేశారు. ఇంతకంటే పరిణామం ఏ నవల్లో ఉంటుంది చెప్పండి?

జనం ఏం చేశారు? చానల్ మార్చారు. “ఈ కొత్త మొహాలెవరర్రా, ఎవరు చూస్తారు వీళ్లని” అని మా పెద్దమ్మ రిమోటు నొక్కింది. పాత్ర ఎదగద్దూ అన్న బాబాయిగారు వార్తల్లోకి వెళ్లిపోయారు. రేటింగ్ పడింది. పడ్డ రేటింగ్‌ని లేపే మందు తెలుగు టీవీకి ఒక్కటే తెలుసు: పోయినవాళ్లని లేపడం. షెర్లాక్ హోమ్స్‌ని 1893లో జలపాతంలోకి తోసేసిన కానన్ డాయిల్ మీద పాఠకులు మండిపడితే, ఆయన బింకంగా చాలా ఏళ్లు ఆగి 1903లో గానీ హోమ్స్ బతికే ఉన్నాడని ఒప్పుకోలేదు. మనవాళ్లకి అంత పంతాలు లేవు. చంపిన ఏడాదే దీప కోమాలోంచి కళ్లు తెరిచింది. డాక్టర్ బాబు కూడా బతికే ఉన్నాడు, మోనిత గుప్పిట్లో, గతం మర్చిపోయి!

గతం మర్చిపోవడం! ఆ ఆలోచన ఎవరికొచ్చిందో గానీ వాళ్లకి పాదాభివందనం చెయ్యాలి. ఇన్నేళ్లలో ఆ పాత్ర నేర్చుకున్నది ఆవగింజంత. భార్య తప్పు చెయ్యలేదన్న ఒక్క నిజం, అదీ ఎంతో రక్తకన్నీరు కార్చాక బుర్రకెక్కింది. ఆ ఆవగింజని కూడా తుడిచేసి మనిషిని మళ్లీ మొదటి ఎపిసోడ్‌లో నిలబెట్టారు. ఎదగని పాత్రని అందరూ రాస్తారు. ఎదిగిన కాస్తనీ వెనక్కి గుంజుకోవడానికి కలేజా ఉండాలి. జనం మళ్లీ వచ్చి కూర్చున్నారు. తిట్టుకుంటూనే కూర్చున్నారు. 2017 అక్టోబర్ 16న మొదలైన సీరియల్ 2023 జనవరి 23న, పదిహేను వందల ఎపిసోడ్లు దాటాక ఆగింది. ఆగింది అంటే ఊపిరి పీల్చుకుంది. 2024 మార్చి 25 నుంచి రెండో భాగం. కథ వేరు, మనుషులు వాళ్లే, పేర్లు అవే.

తిట్టుకుంటూ చూడ్డం గురించి ఒక మాట. రేటింగ్ లెక్కకట్టే బార్క్ సంస్థ దేశమంతా కలిపి దాదాపు యాభై అయిదు వేల ఇళ్లలో మీటర్లు పెట్టింది. టీవీ శబ్దంలో చెవికి ఆనకుండా కలిపిన గుర్తుని బట్టి ఏ చానల్ నడుస్తోందో ఆ మీటరు కనిపెడుతుంది. ఎవరు చూస్తున్నారో చెప్పడానికి ఇంట్లోవాళ్లు తలా ఒక మీట నొక్కాలి. అంతే. దానికి స్టార్ మా వినపడుతుంది, మా పెద్దమ్మ శాపనార్థాలు వినపడవు. “వీడి మొహం మండ, ఇదేం కథరా” అనుకుంటూ అరగంట కూర్చున్న మనిషీ, కళ్లు తుడుచుకుంటూ కూర్చున్న మనిషీ గురువారం వచ్చే లెక్కలో ఒకే అంకె. అసహ్యానికి వేరే గడి లేదు. ఎపిసోడ్ నచ్చలేదని మర్నాడు గంటసేపు చర్చించి, ఇంకెంత ఘోరంగా ఉంటుందో చూద్దామని సాయంత్రం మళ్లీ కూర్చునే రసికుడే ఆ సీరియల్‌కి మహారాజపోషకుడు.

ఈ చర్చలన్నీ విని మూతి విరిచే వర్గం ఒకటుంది. మా మేనల్లుడు అందులో వాడు. గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇంగ్లిషు సిరీస్‌లు తప్ప చూడడు. “అమ్మమ్మా, నీకు బుర్ర పాడవలేదూ?” అని పెద్దమ్మని ఏడిపిస్తాడు. వీడే 2019 మేలో ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ కోసం సోమవారం పొద్దున్నే కోడికంటే ముందు లేచాడు. రాణీ డెనేరిస్ డ్రాగన్ ఎక్కి, గంటలు మోగి లొంగిపోయిన ఊరిని తగలబెడితే, రెండు రోజులు అన్నం సహించలేదు. “ఎనిమిది సీజన్లు కట్టిన పాత్రని ఒక్క ఎపిసోడ్‌లో నాశనం చేశారు మామయ్యా!” అన్నాడు. ఆ చివరి సీజన్‌ని మళ్లీ తియ్యమని అర్జీ మీద ప్రపంచంలో పది లక్షల మందికి పైగా సంతకాలు పెట్టారు. మళ్లీ తియ్యలేదు సరికదా, ఆ ఏడాది ఉత్తమ డ్రామాగా ఎమ్మీ ఇచ్చారు. పాత్రకి అన్యాయం చేశారని పెద్దమ్మ ఏడుపు, నాశనం చేశారని వీడి ఏడుపు. ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’కి ఎనిమిది సీజన్లకీ కలిపి 73 ఎపిసోడ్లు. వారానికి ఆరు చొప్పున మన లెక్కలో మూడు నెలలైనా రావు. దీపకి అంతసేపట్లో ఒక ఫోన్ కాల్ కూడా పూర్తవ్వదు.

మేనల్లుడిదీ పెద్దమ్మదీ ఒకే ఇంటి రక్తమని చెప్పడానికి ఏ ల్యాబూ అక్కర్లేదు.

ఇంత చర్చలోనూ ఒక్క సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. ఈ కథకి మూలం నలుపు. నల్లగా పుట్టిందని దీప పుట్టింట్లోనూ చీదరింపులే పడింది, అత్తింట్లోనూ చీదరింపులే పడింది. చీదరించినవాళ్ల పాపం పండాలని ఇంటింటా ఆడవాళ్లు దేవుడికి మొక్కారు. ఆ నలుపు రోజూ పొద్దున్నే మేకప్ గదిలో తయారైంది. నల్లమ్మాయి కష్టాల కథకి నల్లమ్మాయిని వెతుక్కునే బదులు, తెల్లమ్మాయిని తెచ్చి రంగు పూశారు. తెలుగు నేల మీద నల్లటి ఆడపిల్లకి కరువొచ్చిందా? నల్లమ్మాయిని రోజూ అరగంట మనం చూడలేమని వాళ్లకి ముందే తెలుసు. పాత్ర ఎదుగుదల గురించి గొంతులు చించుకున్న విమర్శకుల్లో ఒక్కరైనా ఈ సంగతి అడిగితే ఒట్టు.

బాబాయిగారి భార్య, మా పిన్నిగారు, దీపకి వీరాభిమాని. దీపని రంగు పేరెత్తి ఎవరైనా ఒక్క మాటంటే చాలు, కొంగు కళ్లకద్దుకునేది. మోనితని పేరు పెట్టి పిలవదు, “ఆ తెల్లతోలు రాక్షసి” అంటుంది. ఇప్పుడు రెండో భాగం కూడా ఒక్క రోజు వదలకుండా చూస్తోంది. కొడుక్కి సంబంధాలు వెతుకుతున్నారు. మొన్న సాయంత్రం వాళ్లింటికి వెళ్తే, టీవీ మ్యూట్‌లో పెట్టి ఫోన్లో మాట్లాడుతోంది.

“చదువుంది, ఉద్యోగం ఉంది, పెద్దలు మర్యాదస్థులు, అన్నీ బాగానే ఉన్నాయి పంతులుగారూ. పిల్ల కాస్త రంగు తక్కువని విన్నాం. అబ్బెబ్బే, మాకేం పట్టింపు లేదండీ, మేమలాంటివాళ్లం కాదు. వాళ్లు పంపిన ఫొటోలో తెల్లగానే ఉంది, అందుకే అడుగుతున్నా. ఒకసారి వీడియో కాల్ పెట్టించండి. పగటి వెలుతుర్లో, ఆ ఫిల్టర్లూ అవీ లేకుండా. ఆఁ... ఉండండుండండి, దీప వచ్చేసింది, బ్రేకులో నేనే చేస్తాను.”