లోచెవిలోని తీగె స్వీయచరిత్ర

సిడ్నీ నగరమున, మెక్వారీ విశ్వవిద్యాలయ ప్రాంగణమందలి కర్మాగారములో, ధూళికణమైనను సోకని గదులలో, సూక్ష్మదర్శినుల క్రింద నన్ను నిర్మించిరి. మెత్తని సిలికోను తంతువునందు పొదిగిన 22 ప్లాటినపు ఎలక్ట్రోడ్లు, వాని మొదట నొక టైటానియపు బిళ్ల: ఇదియే నా దేహము. కాక్లియర్ ఇంప్లాంటు అని నన్ను పిలుతురు. వంశమును ఏకరువు పెట్టుకొనుట అల్పుల అలవాటే యైనను, నా పూర్వులను గూర్చి చెప్పక తీరదు.

కామ్‌డెన్ పట్టణమున, వినికిడి తక్కువైన యొక మందుల దుకాణదారునకు పుత్రుడై జన్మించిన గ్రేమ్ క్లార్క్, మెల్‌బోర్న్‌లో ఆచార్యుడై, విద్యుత్తుతో శ్రవణనాడిని ప్రేరేపించి బధిరులకు మాట వినిపింతునని పూనుకొన్నప్పుడు, శాస్త్రజ్ఞులు పెక్కుమంది పెదవి విరిచిరి. సుమారు 30,000 తంతువులు గల నాడికి గుప్పెడు తీగెలతో మాటల నందించుట యెట్లని వారి ఆక్షేపణ. అది మూఢుల ఆక్షేపణయు కాదు. పైగా రెండున్నర చుట్లు తిరిగిన లోచెవి శంఖములోనికి, గాయము చేయక తీగెను దూర్చుటయే దుర్ఘటమయ్యెను. 1977లో మిన్నమురా సముద్రతీరమునకు పోయిన క్లార్క్, అచట దొరకిన గుల్లలోనికి గడ్డిపోచలను త్రోసి చూచుచుండగా, కొస మెత్తగను మొదలు బిరుసుగను ఉన్న పోచ చుట్ల వెంబడి సులువుగా లోనికి సాగిపోయెను. నాకు ఆదిగురువు ఆ గడ్డిపోచయే.

1978 ఆగస్టు 1న, మెల్‌బోర్న్‌లోని రాయల్ విక్టోరియన్ కంటి, చెవి వైద్యశాలలో, కారు ప్రమాదమున వినికిడి కోల్పోయిన రాడ్ సాండర్స్ లోచెవిలో నా పితామహుని అమర్చిరి. తరువాతి పరీక్షలలో 'గాడ్ సేవ్ ది క్వీన్' గీతమును విద్యుత్ స్పందనములుగా పంపగా, ఆయన చటాలున లేచి నిటారుగా నిలిచెనట! 1985లో అమెరికా ప్రభుత్వము పెద్దలకును, 1990లో రెండేండ్లు దాటిన పిల్లలకును మావారిని అనుమతించెను.

నేను చేరినది సిడ్నీలోని వెస్ట్‌మీడ్‌లో కాపురమున్న తెనాలివారి బిడ్డ చెవిలోనికి. పుట్టిన కొద్ది దినములకే ఆస్పత్రిలో జరుపు వినికిడి పరీక్షలో లోపము బయటపడెను. ఏడాది నిండకమునుపే శస్త్రచికిత్స జరిగెను. ఈ తొందర నిష్కారణము కాదు. 1947లో, తల్లి గర్భమున రుబెల్లా సోకి బధిరులైన పిల్లలకును, యుద్ధమున చెవులు దెబ్బతిన్న సైనికులకును తోడ్పడుటకై నెలకొల్పిన సంస్థ నేటి జాతీయ శ్రవణ పరిశోధనశాల. ఆ సంస్థవారు ఆస్ట్రేలియా బధిర శిశువులను ఏండ్ల తరబడి పరిశీలించి, ఎంత ముందుగా శబ్దమందునో భాష యంతగా వికసించునని తేల్చిరి.

నన్ను తొలిసారి పనిచేయించు స్విచాన్ నాడు ఆడియాలజిస్టు ఒక్కొక్క ఎలక్ట్రోడునకు విద్యుత్తు మోతాదు నిర్ణయించుచు పోగా, పాలసీసా చీకుచున్న పిల్ల చీకుట మాని, క్రింది పెదవి వెలికి త్రిప్పి, బావురుమనెను. తల్లియు ఏడ్చెను. నా వృత్తాంతమిక్కడ కొంత విప్పి చెప్పవలెను. చెవి వెనుకనున్న ప్రాసెసరు ధ్వనిని స్థాయిభేదములుగా విభజించి, అయస్కాంతముతో తలకంటుకొనిన చుట్ట ద్వారా చర్మము దాటించును. సన్నని ధ్వనులను శంఖపు మొదటను, బొంగురు ధ్వనులను లోపలి చుట్లయందును నేను అందింతును. అంతియే. వినునది నేను కాను. ఆ విద్యుత్తునుండి మాటను అల్లుకొనునది బిడ్డ మెదడు. సంగీతము నాచేత చక్కగా పలుకదు, లాలిపాటలోని లయ దక్కును గాని రాగము సగమే చేరును. ఆస్లన్ అను ఆస్ట్రేలియా సంజ్ఞాభాషతో నిండుగా జీవించు బధిరులు నా అవసరమునే ప్రశ్నింతురు. వారితో వాదించుటకు నేనెవ్వడను?

బంధువులు కొందరు, "ఇక తెలుగు మానండమ్మా, రెండు భాషలైతే పిల్లకు తికమక" యని హితవు చెప్పిరి. ఆడియాలజిస్టు మాత్రము, మీకు సహజముగా వచ్చు భాషలోనే ఎడతెగక మాటాడుడనెను. కావున తల్లి ప్రతి ఉదయమును నోటికి చేయి అడ్డుపెట్టి, ఆ, ఈ, ఊ, మ్, ష్, స్ అని డేనియల్ లింగ్ పరీక్షలోని ఆరు ధ్వనులను పలుకును. వినిపించినప్పుడెల్ల పిల్ల డబ్బాలో చెక్కముక్క వేయును. "స్" వినబడనినాడు మోతాదు సరిచూడవలెనని పెద్దలు గ్రహింతురు.

ఇప్పుడు నాల్గేండ్ల పిల్ల. తెనాలి అమ్మమ్మతో ఫోనులో "నాకు గోంగూర వద్దు" అని స్పష్టముగా చెప్పుచున్నది. తల్లి కోపించి కేకలు మొదలిడగానే, అయస్కాంతపు చుట్టను పుటుక్కున ఊడబెరికి, నిశ్చింతగా బొమ్మలతో ఆడుకొనును. "ముందది తగిలించుకోవే!" యని ఆమె అరచుచునే యుండును.