మా రోజుల్లో కన్నమే చెప్పేది

"అన్నీ టైప్-సీయే తాతా! చిలకలగూడలో ఏ ఇంటికెళ్లినా చార్జర్ దొరుకుతుంది" అంటాడు మా మనవడు. దొరికితే సరిపోయిందా?

మా రోజుల్లో నోకియా ఫోనుంటే సన్న పిన్నా, లావు పిన్నా అని ముందే అడిగేవాళ్లం. కంప్యూటర్ వెనక ఊదారంగు కన్నం కీబోర్డుకి, ఆకుపచ్చది మౌస్‌కి, నీలంది మానిటర్‌కి, పాతిక పిన్నుల పొడుగాటిది ప్రింటర్‌కి. మానిటర్ తీగకైతే అటూ ఇటూ మరలు కూడా బిగించాలి. చాకిరీయే, కాదనను. కానీ పనికిరానిది అసలు దూరేదే కాదు. సికింద్రాబాద్ స్టేషన్లో మీటర్ గేజ్, బ్రాడ్ గేజ్ రెండూ నడిచిన కాలం మాది. ఏ పెట్టె ఏ పట్టాలెక్కదో కూలీకి కూడా తెలుసు.

1996లో యూఎస్‌బీ వచ్చింది. దాన్ని తయారుచేసిన ఇంటెల్ బృందంలో బరోడాలో చదివిన అజయ్ భట్ ఉన్నాడని మురిసిపోయాం. అదీ ఓ పట్టాన దూరేది కాదు, తిప్పి తిప్పి పెట్టాలి. 2014లో టైప్-సీ వచ్చాక ఆ బాధ తీరింది. 2024 డిసెంబరు 28 నుంచి కొత్త ఫోన్లకు అదే ఉండాలని యూరప్ వాళ్లు చట్టం చేసేసరికి, యాపిల్ కూడా 2023లోనే ఐఫోన్ 15తో దారికొచ్చింది.

మరి నా గొణుగుడేమిటంటే, కన్నం ఒకటైంది గానీ గుణం ఒకటి కాలేదు. మామూలు ఐఫోన్ 15లో ఆ కన్నం వేగం సెకనుకు 480 మెగాబిట్లు, ప్రోలో 10 గిగాబిట్లు. పైకి రెండూ కవలలే! కేబుళ్లూ అంతే. ఒకటి 60 వాట్లు మోస్తే ఇంకోటి 240 మోస్తుంది. ఒకటి టీవీకి బొమ్మ పంపుతుంది, ఇంకోటి చార్జింగుతో సరి.

తీగలే వద్దంటారా? 2005లో వైర్‌లెస్ యూఎస్‌బీ అని ఒకటి ఆర్భాటంగా వచ్చి, అడ్రసు లేకుండా పోయింది. బ్లూటూత్ నిలిచింది, నిజమే. కానీ చెవుల్లో పెట్టుకున్నది నేను, వినిపించేది మనవడి ఫోన్లో క్రికెట్టు! తీగ ఉన్నప్పుడు ఈ తగువు ఎక్కడిది?

సర్టిఫికెట్ ఉన్న టైప్-సీ కేబుల్ మీద 60 అనో 240 అనో వాట్ల ముద్ర ఉండాలని యూఎస్‌బీ సంఘం 2021లోనే చెప్పింది. మన చౌరస్తాలో గుత్తులుగా వేలాడేవాటి మీద ఆ ముద్ర వెతకండి చూద్దాం. అడిగితే "అన్నిటికీ పడుతుంది అంకుల్" అంటారు. పడుతుందని నాకూ తెలుసు నాయనా, పని చేస్తుందా అనే అడుగుతున్నా!