మేడారం చెట్ల పూర్వజన్మ

2024 డిసెంబరు 4న పొద్దున్న ఏడున్నర కావస్తుండగా ములుగు జిల్లాలో భూమి కదిలింది. తీవ్రత 5.3. రెండు వందల కిలోమీటర్లు దాటి హైదరాబాద్ శివారు తెల్లాపూర్‌లో పై అంతస్తుల వాళ్లకూ కాస్త ఊగినట్టయింది. గోదావరి లోయ కింద పాత పగుళ్లున్నాయనీ, 1969లో భద్రాచలం దగ్గర ఇంతకన్నా పెద్దదే వచ్చిందనీ భూగర్భ శాస్త్రవేత్తలు చెప్పేలోపే అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులకు కారణం చేరిపోతుంది: సామూహిక కర్మ. దాని కింద ధ్యానముద్రలో బుద్ధుడి బొమ్మ. పాపం, కాదనడానికి ఆయన గ్రూపులో లేడు.

సరే, ఒప్పుకుందాం. ఒప్పుకున్నాక లెక్క పూర్తిగా తేలాలి కదా. ఆ భూకంపానికి మూడు నెలల ముందు, ఆగస్టు 31న, అదే తాడ్వాయి, మేడారం అడవిలో సుడిగాలికి వేలాది చెట్లు వేళ్లతో సహా కూలిపోయాయి. అవి ఏ జన్మలో ఎవరి పొలం గట్టు జరిపాయి? థేరవాద బౌద్ధం లెక్కన చెట్టుకు చేతన లేదు, కాబట్టి కర్మా లేదు. మరి ఎవరి ఖాతాలో పడ్డట్టు? అదే రోజుల్లో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగింది. ఇక్కడ చెట్లకూ అక్కడ మనుషులకూ ఒకే వారం గడువు పెట్టిన ఆ చిత్రగుప్తుడి సాఫ్ట్‌వేర్ ఏ కంపెనీదో మన ఐటీ కారిడార్ వాళ్లయినా కనుక్కోవాలి.

ఈ సిద్ధాంతాన్ని వీకెండ్ ధ్యాన తరగతిలో నేర్చుకునేవాడే సోమవారం ఆఫీసులో సర్వర్ పడిపోతే రూట్ కాజ్ రాస్తాడు. అందులో ‘సర్వర్ పూర్వజన్మ పాపం’ అని రాసి చూడమనండి.

బుద్ధుడిని ఈ విషయం అడిగినవాళ్లు లేకపోలేదు. మోళియ సీవకుడు అనే పరివ్రాజకుడు సూటిగానే అడిగాడు: మనిషి అనుభవించేదంతా పూర్వకర్మ వల్లేనా అని. బౌద్ధ గ్రంథం సంయుత్త నికాయంలో ఉంది జవాబు. పైత్యం, శ్లేష్మం, వాతం, మూడూ కలవడం, ఋతువు మారడం, ఒళ్లు చూసుకోకపోవడం, ఎవరో కొట్టడం, ఇవన్నీ అయ్యాక ఎనిమిదోదిగా కర్మఫలం. అన్నిటికీ పూర్వకర్మే అనేవాళ్లు తమకు తెలిసినదాన్ని దాటి మాట్లాడుతున్నారని కూడా అన్నాడు. మహాపరినిబ్బాన సుత్తంలో భూకంపాలకు ఎనిమిది కారణాలు చెప్పాడు. భూమి నీటి మీద, నీరు గాలి మీద ఉన్నాయన్నది మొదటిది. దాన్ని ఈనాటి శాస్త్రం ఒప్పుకోదు. తక్కినవాటిలో మహిమ గల మునులూ దేవతలూ, బోధిసత్త్వుడి జననం, జ్ఞానోదయం, నిర్యాణం వంటివి ఉన్నాయి. చచ్చినవాళ్ల పాపం అనే పద్దు మాత్రం ఎనిమిదింటిలో ఎక్కడా లేదు. కర్మఫలం లెక్కలు తవ్వేవాడికి పిచ్చెక్కుతుందని అంగుత్తర నికాయం ముందే హెచ్చరించింది. గ్రూపులో మెసేజ్‌లు చూస్తుంటే అంత పాత గ్రంథానికి ఇంత ముందుచూపేమిటా అనిపిస్తుంది.

ఉత్పాతానికి పాపం లెక్క కట్టే దారిలో నడిచిన పెద్దలూ ఉన్నారు. 1934 జనవరి 15 బిహార్ భూకంపం అస్పృశ్యతా పాపానికి దేవుడు వేసిన శిక్ష అన్నాడు గాంధీ. రవీంద్రనాథ్ ఠాగూరు ఒప్పుకోలేదు. ప్రకృతి ఉత్పాతానికి ప్రకృతిలోనే కారణం ఉంటుందనీ, ఈ వాదం గాంధీ కంటే ఆయన ప్రత్యర్థులకే బాగా పనికొస్తుందనీ రాశాడు. ఆ ఖండనను గాంధీ తన ‘హరిజన్’ పత్రికలోనే అచ్చేశాడు. మన గ్రూపు అడ్మిన్ అయితే ఠాగూరును రిమూవ్ చేసి ఉండేవాడు. ఇంకో తేడా కూడా చెప్పుకోవాలి. తప్పు వాదంలోనూ గాంధీ వేలు చూపించింది తన సాటి అగ్రకులాల వైపే. మనవాళ్ల వేలు ఎప్పుడు చూసినా మునిగినవాడి వైపే.

నిజానికి బౌద్ధంలో వానకూ అధర్మానికీ ముడిపెట్టిన సుత్తం ఒకటుంది, అదీ అంగుత్తరంలోనే. గాలులు గతి తప్పడానికీ, వాన సరిగా కురవకపోవడానికీ అక్కడ అధర్మపరుల వరస ఒకటి చెప్పారు. మొదటి పేరు రాజుది. రెండోది రాజోద్యోగులది. ఊళ్ల, పల్లెల జనం చివర్న వస్తారు. కర్మ మీద ఇన్ని ప్రసంగాలు నడుస్తుంటే ఈ ఒక్క సుత్తం ఎవరి నోటా ఎందుకు రాదు? వస్తే తర్వాతి ప్రశ్న పూర్వజన్మ గురించి ఉండదు మరి. బుడమేరు డైవర్షన్ కాలువ గట్టుకు గండ్లు ఎందుకు పడ్డాయనీ, చెరువు ఎఫ్‌టీఎల్ (నిండు మట్టం) లోపల లేఅవుట్‌కు సంతకం ఎవరు పెట్టారనీ, అలుగు కిందికి పోవాల్సిన నాలా ఏ ప్రహరీ దగ్గర ఆగిపోయిందనీ ఉంటుంది. 1908 సెప్టెంబరులో మూసీ వేల మందిని మింగాక నిజాం ప్రభుత్వం పిలిపించింది మోక్షగుండం విశ్వేశ్వరయ్యను. ఆయన పోయినవాళ్ల జాతకాలు అడగలేదు. పైన ఎంత వాన పడుతుంది, నీళ్లు ఎక్కడ ఆపాలి అని చూశాడు. గండిపేట, హిమాయత్‌సాగర్ జలాశయాలు ఆ లెక్కలోంచి వచ్చినవే.

తెల్లాపూర్ చుట్టుపక్కల లేక్ వ్యూ అని చదరపు అడుగుకు ఎక్కువ కట్టించుకునేటప్పుడు కర్మ ప్రస్తావన రాదు. గట్టివాన పడి సెల్లార్‌లో కార్లు మునిగినా రాదు. అసోసియేషన్ సమావేశం పెడుతుంది, బిల్డర్‌కు నోటీసు పోతుంది, మోటార్లు వస్తాయి, ఇన్సూరెన్స్ సర్వేయర్ వచ్చి ఫొటోలు తీసుకుంటాడు. ఆ మోటార్లు తోడిన నీళ్లు పల్లానికే పోతాయి. పల్లంలో ఈ టవర్లు కట్టడానికి ఒడిశా నుంచీ బిహార్ నుంచీ వచ్చిన కూలీల రేకుల షెడ్లుంటాయి. కర్మ సిద్ధాంతం పనిచేయడం మొదలయ్యేది అక్కడి నుంచి.