ఆరో నంబరు గడి

నేనొక పట్టికను. ఇంటెల్ ప్రాసెసర్ మీద లైనక్స్ లేస్తూనే నన్ను మెమరీలో నింపి, నా చిరునామాను ప్రాసెసర్‌కు అప్పజెబుతుంది. 256 గడులు, 32 బిట్ల రోజుల్లో గడికి 8 బైట్లు. ప్రతి గడీ ఒక హ్యాండ్లర్‌కు, అంటే ఒక్కో ఘటనను చూసుకునే కోడ్‌కు, దారి. మీరు కీ నొక్కినా, టైమర్ గడువు తీరినా, ప్రోగ్రామ్ సున్నాతో భాగించినా, ప్రాసెసర్ చేస్తున్న పని ఆపి, ఎక్కడ ఆగిందో స్టాక్‌లో రాసుకుని నా దగ్గరికే వస్తుంది. చెల్లని ఆదేశానికి 6వ గడి, రక్షణ ఉల్లంఘనకు 13, పేజ్ ఫాల్ట్‌కు 14.

వీటిలో 14 అంటే నాకు ప్రాణం. పేరులో ఫాల్ట్ ఉన్నా చాలాసార్లు ఎవరి తప్పూ ఉండదు. అడిగిన పేజీ, అంటే మెమరీ ముక్క, ఇంకా డిస్కులోనే ఉంటుంది, అంతే. హ్యాండ్లర్ దాన్ని తెచ్చిపెట్టి, ఆగిన ఆదేశాన్నే మళ్లీ నడిపిస్తుంది. మధ్యలో ఏదో జరిగిందన్న సంగతే ప్రోగ్రామ్‌కు తెలియదు. తనది కాని చోట చెయ్యి పెడితే మాత్రం ‘సెగ్మెంటేషన్ ఫాల్ట్’తో దాని పని సరి, పక్క ప్రోగ్రాములు క్షేమం.

1997 నవంబరులో పెంటియమ్ చిప్‌లో ఒక లోపం బయటపడింది. లాక్ గుర్తు తగిలించిన నాలుగు బైట్ల చెల్లని ఆదేశం. ఏ అధికారమూ లేని యూజర్ దాన్ని నడిపినా చాలు, ప్రాసెసర్ మెమరీ బస్‌కు తాళం వేసి, నా 6వ గడి చదవబోయి బిగుసుకుపోయేది. ఇక కీ, టైమర్ లాంటి వాటి పిలుపులూ (ఇంటరప్టులు) పనిచేయవు, రీసెట్ నొక్కాల్సిందే. పదిమంది వాడుకునే సర్వర్‌కు ఇంతకన్నా ముప్పేముంది?

అమ్ముడైపోయిన చిప్‌లను ఎవరూ దిద్దలేరు. అందుకే లైనక్స్ గుండెకాయ అయిన కెర్నెల్‌ను రాసేవాళ్లు నన్ను మార్చారు. నేనున్న పేజీ మీద రాతను నిషేధించారు. తాళం వేసి చదవబోయే ఆ చిప్, ఆ చదవడాన్ని రాతగానే లెక్కగడుతుంది. అందుకని నిషేధం అడ్డుపడి పేజ్ ఫాల్ట్ పుడుతుంది. ప్రాసెసర్ 14వ గడి వైపు మళ్లుతుంది. అక్కడ హ్యాండ్లర్ చిన్న లెక్క చేస్తుంది: ఫాల్ట్ వచ్చిన చిరునామాలోంచి నా చిరునామా తీసేసి, 8తో భాగిస్తే 6 వచ్చిందా? వస్తే ఆ గడి పనిని తనే చేసేస్తుంది. ఆ ప్రోగ్రామ్ ఒక్కటే ఆగుతుంది, మెషిన్ నడుస్తూనే ఉంటుంది. ఎంత చక్కటి ఆలోచన!

64 బిట్లలో నా గడి 16 బైట్లయింది. మొత్తం 4,096, సరిగ్గా ఒక పేజీ. 2013లో లైనక్స్ ఆ రాత నిషేధాన్ని అన్ని చిప్‌లకూ వర్తింపజేసింది. ఇప్పటి భయం చిప్ లోపం కాదు. కెర్నెల్‌లో సందు దొరికినవాడు నా గడిలో తన చిరునామా రాసుకుంటే, మీరు తర్వాత నొక్కే కీ అతడి కోడ్‌ను పూర్తి అధికారంతో నడిపిస్తుంది.