పేరు తెలియని సామాను

సుంకేసుల దగ్గర తుంగభద్రలో పుట్టి కడప దాకా మూడొందల కిలోమీటర్లకు పైగా సాగే కేసీ కాలవను 1860ల్లో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ తవ్వించింది. పడవలూ నడుస్తాయి, పైరూ పండుతుందని వాళ్ల ఆశ. గిట్టుబాటు కాక చేతులెత్తేస్తే 1882లో సర్కారు కొనేసింది. తర్వాత బచావత్ ట్రిబ్యునల్ ఈ కాలవకు 39.9 టీఎంసీలు కేటాయించింది. కేటాయింపైతే చివరి ఆయకట్టు దాకా చేరింది. నీళ్ల సంగతి అక్కడి రైతునే అడగాల.

ఆ చివరన ఉన్న ఒక ఆఫీసు గురించి చెప్పుకునే ముచ్చట ఇది. పాత సామాను వేలం వేయమని పైనుంచి కాగితమొచ్చింది. స్టోరు గదిలో తుప్పు గేట్లూ విరిగిన కుర్చీలూ పోగా, మూలన ఒక చెక్కపెట్టె మిగిలింది. తెరిస్తే ఆరు ఇత్తడి గిన్నెల చక్రం, తిరగకుండా మైనం కాగితం చుట్టి ఉంది. పక్కన చెవులకు తగిలించుకునే గొట్టాలు. అడుగున రెక్కల తోక ఉన్న సీసపు ముద్ద.

"వైర్‌లెస్ సార్," అన్నాడు గుమాస్తా చెవి గొట్టాలు చూసి. సీసపు ముద్ద చూసిన అటెండరు మాత్రం మాట్లాడకుండా గది బయటికి నడిచినాడు. మా సీమలో బాంబేమోనన్న అనుమానం వస్తే ఎవురూ గట్టిగా అనరు.

కర్నూలు నుంచి వచ్చిన పాత ఇనుము వ్యాపారికి ఇవేం పట్టలేదు. "పేరుతో పనేముంది సార్, ఇత్తడి తూకమేసుకుంటా."

"పేరు లేకుండా జాబితా ఎట్ల రాసేదప్పా?" అన్నాడు కొత్తగా వచ్చిన ఏఈ.

పింఛను కాగితాల కోసం వచ్చిన ముసలి లస్కర్ తొంగి చూసి నవ్వినాడు. "కరెంట్ మీటరు సార్ ఇది. ఇంటి గోడకుండేది కాదు, కాలవది. సీసం చేప బరువుకు నీళ్లల్లోకి దిగుతాది. లోతులో పదికి ఆరు పాళ్లకాడ నిలపాల. గిన్నెలు తిరిగేకొద్దీ చెవిలో టిక్కు టిక్కు మంటాది. గడియారం పెట్టుకుని లెక్కేస్తే నీళ్ల వేగం తెలుస్తాది. దాన్ని కాలవ అడ్డుకోతతో గుణిస్తే క్యూసెక్కులు."

ఏఈ మొహం వెలిగింది. అంతలోనే మైనం కాగితం మీదికి చూపు పోయింది. బీరువా నిండా రిజిస్టర్లు. ఏండ్ల తరబడి ఏ రోజుకారోజు ఎన్ని క్యూసెక్కులొచ్చిందీ పాయింటుతో సహా రాసి, సంతకాలు చేసినవి.

"పెద్దాయనా, దీని కాగితమే విప్పలేదు గదా. మరి ఈ లెక్కలు?"

"నీళ్లొస్తే గదా సార్ దాన్ని ముంచేది. లెక్కలు పోకుంటే మాత్రం పైవాళ్లు ఊరుకుంటారా?"

ఏఈ కాసేపు రిజిస్టర్ల వైపు చూసినాడు. తర్వాత మైనం కాగితం తనే విప్పి, ఉండ చుట్టి జేబులో వేసుకుని, జాబితా అందుకున్నాడు.

"వస్తువు: కరెంట్ మీటరు. స్థితి: నిత్యం వాడినందున బాగా అరిగిపోయినది."