మబ్బుల మీద నడక

కొత్తలో నేను తీసిన ప్రతి పక్షీ ఆధార్ కార్డు కోసం దిగినట్టే ఉండేది. ఫ్రేముకు నట్టనడుమ, బిగుసుకుపోయి, వెనక ఒక కరెంటు తీగ. చెరువు కట్ట మీద నిలబడి కిందికి గురిపెడితే కొంగ నీళ్ల మీద అతికించిన స్టిక్కరులా వచ్చేది. అప్పు చేసి 600 మిల్లీమీటర్ల దాకా లాగే జూమ్ లెన్సు కొన్నాను. స్టిక్కరు పెద్దదైంది.

దారిలో పెట్టింది ఒక సీనియరు. నా ఫోటోలు రెండొందలు ఓపిగ్గా చూసి, "పక్షుల తప్పేం లేదోయ్. నీకే వంగడం రాదు" అన్నారు. బురదలో బోర్లా పడుకుని లెన్సును పక్షి కంటి ఎత్తుకు దించమన్నారు. అలా దించితే వెనకున్నదంతా దూరంగా జరిగి, కరిగి, ఉత్త రంగుగా మిగులుతుంది. పక్షి ఎటు చూస్తుంటే అటు జాగా వదలాలి. లేదంటే ముక్కు గోడకు ఆనించి శిక్ష వేసినట్టుంటుంది. కన్ను మసకబారితే ఈక ఎంత మెరిసినా చెరిపెయ్యాల్సిందే. ఇవన్నీ ఒక ఎత్తు, ఆయన ఆఖరి మాట ఒక ఎత్తు: "బటన్ నొక్కేముందు నాలుగు మూలలూ చూడు. అక్కర్లేనిది ఏ మూల నుంచి తొంగిచూసినా బయటికి నెట్టెయ్."

నెట్టడంలో నేను ఆరితేరాను.

దేన్ని తియ్యాలన్న దాంట్లోనూ ఆయనదే పట్టు. అరుదైన పిట్ట కోసం ఊళ్లు తిరిగి పెట్రోలు తగలెయ్యొద్దు, దగ్గర్లో ఉన్న చెరువుకే నలభైసార్లు వెళ్లు, దాని నడక నీకు కంఠతా రావాలి అనేవారు. సరే, హైదరాబాద్ శివార్లలో ఒక చెరువు పట్టుకున్నాను. పేరు చెప్పను. లకుముకి పిట్ట ఫోటో లేని వాడు మా గుంపులో ఎవడూ లేడు కాబట్టి, జకానాను ఎంచుకున్నాను. చలికాలంలో దాన్ని చూస్తే ఎవరూ రెండోసారి తల తిప్పరు. వానలు పడి జతకట్టే రోజులొస్తే మాత్రం మెడ వెనక బంగారు పూత, కొడవలిలా వంగిన నల్లటి పొడుగు తోక. బారెడు వేళ్లు పరిచి ఆకుల మీద మునగకుండా నడుస్తుంటే, బరువన్నది దానికి ఎవరూ చెప్పలేదేమో అనిపిస్తుంది.

ఆగస్టులో ఒక ఆదివారం తెల్లవారుజామున బురదలో పడుకుని ఉన్నాను. చేపలు పట్టే ముసలాయన వచ్చి పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"సారూ, గా మోరీ కలిసే కాడ గూడ ఒకటి తియ్యుండ్రి. నురగ, సీసలు, కవర్లు అన్నీ పడాలె. మూడేండ్ల సంది ఆఫీసు చుట్టూ తిరుగుతున్న. ఫోటో పెట్టుమంటున్నరు. నా ఫోన్ల అంత దూరంది వస్తలేదు."

"అది ఫ్రేములో పడితే ఫోటో పాడవుతుంది పెద్దాయనా" అన్నాను. అని ఊరుకోలేదు కూడా. కంపోజిషన్ అంటే ఏమిటో ఆయనకు అయిదు నిమిషాలు పాఠం చెప్పాను. ఆయన బుద్ధిగా విన్నాడు.

జకానా సరిగ్గా మోరీ వైపే నడిచింది. నేను ఇంకాస్త కిందికి, గడ్డం తడిసేదాకా దిగాను. వెనక గుట్టలుగా తేలుతున్న మురుగు నురగ లెన్సులో కరిగి తెల్లటి మబ్బయింది. థర్మాకోల్ ముక్కలు ఆ మబ్బులో మెరుపులయ్యాయి. ఎడమ మూలలో ఒక పాల ప్యాకెట్ తొంగిచూసింది. వెంట్రుకవాసి కుడికి జరిగాను, పోయింది. పక్షి కాలెత్తింది. నొక్కాను.

'మబ్బుల మీద నడక' అని పేరు పెట్టి పంపిస్తే ఆదివారం అనుబంధంలో అర పేజీ వేశారు. కింద చెరువు పేరు, నా పేరు. సీనియరు ఫోన్ చేసి, "ఇప్పుడు వంగావు" అన్నారు.

మళ్లీ చెరువుకు వెళ్లేసరికి దసరా దాటింది. మోరీ అలాగే ఉంది. ముసలాయన నన్ను చూసి గబగబా వచ్చాడు.

"సారూ, మీ ఫోటో నా దరఖాస్తుకు పెట్టిండ్రు!"

నా గుండె ఉప్పొంగింది. ఎంతైనా మన కళ ఒకరికి అక్కరకొచ్చింది. ఆయన చొక్కా జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి ఇచ్చాడు.

'విచారించగా, సదరు చెరువు నీరు పరిశుభ్రంగాను, పక్షుల నివాసానికి అనువుగాను ఉన్నట్లు తేలినది. ఫిర్యాదు ముగించడమైనది. జతపరచినది: ఛాయాచిత్రం 1.'

రెండో కాగితం మీద నా జకానా. నలుపు తెలుపు జిరాక్సులోనూ కన్ను మెరుస్తోంది. మూలన నా పేరు.

ముసలాయన నా భుజం మీదుగా వంగి చూశాడు. "మంచిగొచ్చింది సారూ" అన్నాడు. "నాలుగు మూలలు చూసిన. మోరీ యాడ కానొస్తలేదు."